మూడు బిస్‌లు

"మూడు బిస్‌లు," అన్నాడు డైరెక్టర్ విటోల్డ్, గుమ్మంలోనే నిలబడి. "కచేరీ అయ్యాక జనం అడిగి మరీ మీ చేత ఇంకో మూడుసార్లు వాయింపించుకోవాలి. లేదంటే వార్సాలో మీకిదే ఆఖరి కచేరీ, లెషెక్ గారూ."

"మూడేనా?" అన్నాడు లెషెక్ మెడలో బో టై సరిచేసుకుంటూ.

"పోయినేడు మీ ఆఖరి స్వరం ఆగకముందే జనం చలికోట్లు దాచిన గదికి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను."

డైరెక్టర్ వెళ్ళగానే లెషెక్ మొహం పాలిపోయింది. అరవై మూడేళ్ళ వయసులో ఈ వేదిక కూడా పోతే ఇక పెళ్ళి విందుల్లో వాయించుకోవడమే. భార్య వైపు అనుమానంగా చూశాడు.

"బోగ్నా, మీ చుట్టాల్ని పోగేసి చప్పట్లు కొట్టించే ఆలోచన లేదు కదా?"

"ఒట్టు. ఒక్కళ్ళని కూడా పిలవలేదు. పిలిచినా రారు, పోయినేడు విన్నారుగా."

"నా కళ మీద నమ్మకం లేదా నీకు?"

"బోలెడుంది. నువ్వెళ్ళి వాయించు. నాకు కాస్త పనుంది."

మొగుడి కచేరీ కంటే పెద్ద పనులేముంటాయో ఆవిడకి! లెషెక్ నొచ్చుకుంటూనే వేదికెక్కి పియానో ముందు కూర్చున్నాడు.

ఆ రాత్రి అతను ఎంచుకున్న నాక్టర్న్‌లనే రాత్రి గీతాలు, మజుర్కాలనే పోలిష్ నాట్య గీతాల అందమంతా తాళాన్ని కాస్త సాగదీసి మళ్ళీ కలుపుకోవడంలోనే ఉంది. సాగదీయడం లెషెక్‌కి బాగా వచ్చు. కలుపుకోవడమే కుదరలేదు. కుడిచెయ్యి ఎక్కడుందో ఎడమచేతికి చివరిదాకా తెలియలేదు పాపం. విరహం పలకాల్సిన చోట మొదటి వరసలో పెద్దాయన గురక పలికింది.

ఆఖరి స్వరం మోగీ మోగకముందే హాలంతా లేచి తలుపుల వైపు కదిలింది. లెషెక్ ఖాళీ కుర్చీలకే వంగి వంగి నమస్కారాలు పెడుతూ నిలబడ్డాడు.

అంతలో ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలుపెట్టారు. వచ్చి కుర్చీల్లో కూలబడ్డారు. మొహాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, ఉద్వేగంతో కాబోలు. లెషెక్ మొదటి బిస్ అందుకున్నాడు. అది అవగానే జనం కాళ్ళు నేలకేసి బాదారు. రెండోది అందుకున్నాడు. అదీ అయ్యాక వెనకనుంచి ఓ పెద్దావిడ అరిచింది.

"ఇంకోటి కానివ్వు నాయనా, ఎలాగూ ఉన్నాం కదా!"

లెషెక్ కళ్ళు చెమర్చాయి. ముప్ఫై ఏళ్ళలో నోరు తెరిచి అడిగిన మనిషి ఆవిడొక్కతే. మూడోది ప్రాణం పెట్టి సాగదీశాడు.

తెర పక్కన విటోల్డ్ నోరు తెరుచుకుని చూశాడు. మాట మాటే కాబట్టి, వచ్చే ఏడాది ఒప్పందం మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

"చూశావా?" అన్నాడు లెషెక్, అప్పుడే వచ్చిన భార్యతో. "బయట మైనస్ పద్దెనిమిది! అయినా వెళ్ళిపోయినవాళ్ళని వెనక్కి రప్పించాను. కళంటే అదీ!"

"మరే," అంది బోగ్నా. "ఇక వాళ్ళని ఇళ్ళకు పంపిద్దాం, పాపం."

ఆవిడ చేతిసంచిలోంచి చలికోట్ల గది తాళంచెవి తీసింది.