చక్రాల కళ్లు

కార్లు చక్రాల్లోని కళ్లతో చూస్తూ వాటంతటవే నడవడం మొదలయ్యాక, అప్పలనర్సుకు టైర్లు కడగడం కంటి వైద్యమంత పనైంది. రిమ్ములో పాలిష్ చుక్క పడితే బండి గుడ్డిదైపోతుంది. అందుకే అన్నం తినే పళ్లాన్ని రిమ్ముకు అడ్డుపెట్టి, టైరుకు మాత్రమే నల్లటి పాలిష్ పట్టించాడు. నాలుగో చక్రం అయ్యేసరికి నడుం పట్టేసింది.

"కళ్లు తేటగున్నాయమ్మా. ఇంక కొండెక్కేయొచ్చు," అని బండిగలావిడ వరహాలమ్మకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

దసరా పూట బొట్టు లేని బండెక్కడం వరహాలమ్మకు మనసొప్పలేదు. నాలుగు రిమ్ముల నడుమా దిట్టంగా పసుపు రాసి, కుంకుమ అద్ది, లోపల కూర్చుంది.

నడినెత్తిన ఎండ మాడ్చేస్తోంది. కారు కదల్లేదు.

"చీకటి పడిపోయిందమ్మా," అంది మర్యాదగా. "తెల్లారాక బయల్దేరదాం."