అందరూ దాటాక

"రియర్ గార్డ్ అంటే ఏంటి మేడం?"

వెనక బెంచీలోంచి షబానా అడిగింది. అడగడానికి ఆ పిల్లకి ఆ రోజే దొరికింది!

డైరెక్టర్ గోవర్ధనరావు గారు క్లాసులోనే కూర్చుని వింటున్నారు. అక్షిత ట్రయల్ నెలకి అదే ఆఖరి రోజు. మెప్పిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటిదారి. ఆ ఇంట్లో తల్లి మందులు, అద్దె, అన్నీ బందరులోని ఆ మిలటరీ కోచింగ్ సెంటర్ జీతం మీదే నడవాలి.

తెలీదంటే పరువు పోతుంది. అక్షిత తడుముకోకుండా చెప్పేసింది.

"సైన్యం ముందు వెళ్తుంటే, వెనకాల సామాను కాపలా కాస్తూ వచ్చేవాళ్ళు. వాళ్ళకి ప్రమాదం తక్కువ. రాసుకోండి."

ముప్పై పెన్నులు కదిలాయి.

"కాదమ్మా."

అందరూ తలలు తిప్పారు. గుమ్మంలో వాచ్‌మన్ రత్తయ్య, భుజాన మంచినీళ్ళ టిన్ను.

"సైన్యం వెనక్కి తగ్గేటప్పుడు చివర నిలబడేవాళ్ళండి. శత్రువుని అక్కడే ఆపాలి. మనవాళ్ళందరూ దాటాక గానీ కదలకూడదు. ప్రమాదమంతా వాళ్ళదేనండి."

క్లాసు గొల్లుమంది. అక్షితకి ఒళ్ళు మండిపోయింది.

"నీళ్ళు పెట్టి వెళ్ళు రత్తయ్యా! పాఠం చెప్పడానికి నేనున్నాగా!"

రత్తయ్య టిన్ను దించి వెళ్ళిపోయాడు.

అసలే ఆ మనిషంటే ఆమెకి చిరాకు. సాయంత్రం మెట్ల కింద నిలబడి దిగే పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెడతాడు. ఆఖరి మనిషి దిగేదాకా షట్టర్ మీద చెయ్యి వెయ్యడు. పేపర్లు దిద్దుతూ ఆలస్యమైన రోజు "నువ్వు వెళ్ళు, తాళం నేను వేస్తాలే" అంటే విన్నాడా? "మీరు పదండమ్మా, నేను చివర" అన్నాడు. ఏం చాదస్తమో!

గంట తర్వాత డైరెక్టర్ ఇద్దర్నీ పిలిపించారు.

గది బయట నిలబడి అక్షిత ఫోన్‌లో ఆ మాట వెతికింది. చదివి బిక్కచచ్చిపోయింది. రత్తయ్య చెప్పిందే అక్షరాలా నిజం.

తలెత్తితే ఎదురుగా రత్తయ్య. ఆమె మొహం చూశాడు, ఫోన్ చూశాడు.

"నేను లెక్కల మేష్టార్ని, ఆ మాటలు నాకు తెలీవు. మీరే చెప్పండి, ఇద్దరిలో ఎవరిది రైటు?" అన్నారు గోవర్ధనరావు గారు. "తప్పు పాఠం చెప్పే టీచరూ నాకక్కర్లేదు, క్లాసులో టీచర్ పరువు తీసే వాచ్‌మనూ నాకక్కర్లేదు."

అక్షిత ఫోన్ వెనక్కి దాచుకుంది.

"మేడం గారిదే రైటండి," అన్నాడు రత్తయ్య. "నేనే ఏదో వాగాను."

హమ్మయ్య అనుకుంది అక్షిత. భయపడి వెనక్కి తగ్గాడు కాబోలు అనుకుంది. సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

మర్నాటి నుంచి మెట్ల కింద ఇంకో మనిషి. ఐదు కొట్టగానే సగం షట్టర్ దించేస్తున్నాడు.

వారం తిరక్కుండానే అక్షిత క్లాసులో ఆ అర్థాన్ని సరిదిద్ది చెప్పింది. ముందు చెప్పిందెవరో మాత్రం చెప్పలేదు. ఇక చూడండి, ఆ పైన రెండు నెలలు తిన్నది ఒంటికి పట్టలేదు.

ఆఖరికి ఒక ఆదివారం, ఆఫీసులో తీసుకున్న రత్తయ్య అడ్రసు పట్టుకుని బయల్దేరింది. అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటోలో ఏటిమొగ రేవు, పంటు ఎక్కి ఏరు దాటితే ఎదురుమొండి. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలనుకుంది.

ఇంటి గోడకి రత్తయ్య ఫోటో, దానికి దండ.

"గుండె ఆగిపోయిందమ్మా. మొన్న గురువారానికి నెల," అంది ఆయన భార్య రావమ్మ.

అక్షిత అరుగు మీద కూలబడింది.

"నేను... బందరు కోచింగ్ సెంటర్లో..."

"టీచరమ్మవా! నీ సంగతి చెప్పాడమ్మా. ఉద్యోగం నిలబడిందా?"

"నా వల్లే ఆయన ఉద్యోగం పోయింది పిన్నిగారూ. ఆయన చెప్పిందే నిజం. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

"ఆయనకీ తెలుసులే. 'ఫోన్ చూడగానే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదే రావమ్మా. నేను నా మాట మీద నిలబడితే ఆ పిల్ల వీధిన పడేది' అన్నాడు. నేను నాలుగు తిట్టాను. నవ్వి ఊరుకున్నాడు."

అక్షితకి ఏడుపు ఆగలేదు.

రావమ్మ లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం తెచ్చింది. మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది.

"మిలట్రీలో ఇచ్చారట. పదిహేనేళ్ళు చేసొచ్చాడు. ఏం చేశావయ్యా అంటే 'కాపలా కాశానే' అనేవాడు. అంతా ఇంగ్లీషు. కాస్త చదివి పెట్టమ్మా."

మిలటరీకి పిల్లల్ని పంపే చోట మూడేళ్ళు పనిచేశాడు. నువ్వెవరు, ఎక్కణ్ణుంచొచ్చావు అని ఒక్కళ్ళయినా అడిగారా!

అక్షిత పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో వరసలోనే రావమ్మ ఆపింది.

"రియర్ గార్డా? అంటే ఏంటమ్మా?"

ఈసారి అక్షిత తొందరపడలేదు. కళ్ళు తుడుచుకుంది.

"వెనక్కి తగ్గేటప్పుడు చివర నిలబడేవాళ్ళండి. మనవాళ్ళందరూ దాటాక గానీ కదలకూడదు. ప్రమాదమంతా వాళ్ళదే."

"ఎంతమందిని దాటించాడట?"

"పంతొమ్మిది మంది వాగు దాటేదాకా రత్తయ్య గారు ఒక్కరే నిలబడ్డారట," అంది అక్షిత, "ఇరవయ్యోదాన్ని నేను పిన్నిగారూ."