కింది సగం

వానలు వెనకబట్టి మొదటి చలిగాలి తగిలేసరికి తుమ్మకొమ్మకు మూడు గూళ్లు వేలాడుతున్నాయి. మూడూ సగమే. పిచ్చుక అడిగిందని ఒకటి, ఉడుత అడిగిందని ఒకటి, చివరికి తనకోసం ఒకటి మొదలుపెట్టాడు గిజిగాడు. ఒకదాని మీద విసుగు పుడితే ఇంకోదాని మీదికి ఎగిరేవాడు.

"రేపు గుడ్లు పెట్టాలి. అడుగు లేని గూట్లో ఎక్కడ పెట్టమంటావు?" అంది భార్య.

గిజిగాడు తల దించుకున్నాడు. వాగు ఒడ్డున పచ్చగడ్డంతా మేకలు మేసేశాయి. అల్లడానికి ఒక్క పోగు లేదు.

అంతలో పిచ్చుక, ఉడుత నోటినిండా పోగులతో వచ్చాయి. తమకోసం అల్లిన సగం గూళ్లను తామే విప్పి తెచ్చాయి.

"నాకు చూరు ఉందిలే," అంది పిచ్చుక.

"నాకు తొర్ర ఉంది. ఏదో సరదాపడి అడిగాను," అంది ఉడుత.

ఎండిన పోగులు వంచితే విరుగుతాయని గిజిగాడు వాటిని వాగులో తడిపి, పొద్దుగుంకేలోగా అల్లడం ముగించాడు. గూడు పైన పచ్చగా, కింద పసుపుగా కుదిరింది.

కొన్నాళ్లకు పిల్ల అడిగింది, "ఇదంతా నువ్వే అల్లావా, నాన్నా?"

"పైసగం నేను అల్లింది," అన్నాడు గిజిగాడు. "నువ్వు పడుకున్న సగం పిచ్చుకత్త, ఉడుతత్త విప్పి ఇచ్చిన పోగులది."