ఊగే అంబాసిడర్

"చిలుకూరు దాటినమా?" అని అడిగాడు నర్సింగరావు, స్టీరింగు మీంచి చేతులు తీయకుండానే.

"ఇప్పుడే దాటినం. ఎడమ దిక్కు మామిడితోట వస్తున్నది," అంది పక్క సీట్లో ఉన్న రుక్మిణమ్మ.

ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ గుర్రుమంది. పాత అంబాసిడర్ ఒక పక్కకు మెల్లగా ఒరిగి, మళ్లీ నిదానంగా సర్దుకుంది. రుక్మిణమ్మ భుజం ఆయన భుజానికి ఆనింది. డీజిల్ వాసనా, ఉడికించిన వడ్ల వాసనా కలిసి పగటి నిద్రలాంటి మత్తేదో కమ్ముకుంటోంది.

కారు మాత్రం మిర్యాలగూడలోని వాళ్ల రైస్ మిల్లులో, గోడల్లేని రేకుల షెడ్డు కింద నిలబడే ఉంది.

2008 ఎండాకాలంలో కళ్లకు నీటికాసుల జబ్బు ముదిరి నర్సింగరావుకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఆయన సరిగా తిన్నది లేదు, ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఒక సాయంత్రం రుక్మిణమ్మే ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కారులో కూర్చోబెట్టింది. ఇంజిన్ రేస్ చేయగానే కారు ఊగింది. కోదాడ పోదామా అని ఆమె అడిగితే ఆయన చాలా రోజులకు నవ్వాడు. అప్పట్నుంచి రోజూ ప్రయాణమే. కోదాడ, ఒక్కోసారి సూర్యాపేట. చీకటి పడేలోపు తిరిగొచ్చేవాళ్లు.

నిలబడ్డ బండి ఎందుకు ఊగుతుందని కొడుకు భానుప్రకాష్ అడిగితే నర్సింగరావు హుషారుగా చెప్పాడు.

"ఇంజిన్ల బరువైన చక్రముంటది. రేస్ ఇయ్యంగనే అది ఒక దిక్కు జోరుగ తిరుగుతది. దాన్ని తిప్పే ఇంజిన్ ఎదురు దిక్కు ఒరుగుతది. ఇంజిన్‌ను బండికి బిగించినం గద, బండిని సుత ఒంచుతది. కింద స్ప్రింగులు మళ్ల లేపుతయి. పోవుడు లేకున్నా ఊగుడు ఉంటది."

ఆ రోజు కోదాడ నుంచి తిరిగొస్తూ ఊరి దగ్గరికి వచ్చాక ఆయన గొంతు మారిపోయింది.

"రుక్మిణీ, ఇయ్యాల రోడ్డంత నాకు కనవడుతున్నది. జర గేరేస్త."

క్లచ్ అణిగిన చప్పుడయింది. ఆయన మోచెయ్యి ఆమె చేతిని రాసుకుంటూ గేరు వైపు కదిలింది. షెడ్డు ముందే కల్లం. అక్కడ ఆరబోసిన వడ్లను కాళ్లతో నెరుపుతూ మిల్లు కూలీలు కమలమ్మ, సరోజ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. గేరు పడితే కారు నిజంగానే వాళ్ల మీదికి పోతుంది. రుక్మిణమ్మ గట్టిగా అరిస్తే ఆయన కల చెదిరిపోతుంది. ఊరుకుంటే ఆడవాళ్ల ప్రాణాల మీదికొస్తుంది.

"గేటు పడ్డది. జర ఆగుండ్రి," అంది నెమ్మదిగా.

"మన రైలుగేటేనా?"

"అదే. రైలు పోయినంక పోదాం."

ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది. ఇంజిన్ ఆపేసి, రాని రైలు కోసం ఓపిగ్గా ఎదురుచూశాడు. ఆ చేతిని ఆమె తన చేతుల్లోకి తీసుకుంది.

సంగతి తెలిసి భానుప్రకాష్ హడలిపోయాడు. తాళంచెవి దాచేస్తానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. చివరికి మెకానిక్‌ను పిలిపించి, ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు పోయే రాడ్డు విప్పించాడు. ఇక ఏ గేరు వేసినా కారు కదలదు, ఊగడం మాత్రం ఊగుతుంది. ఆ మాట తండ్రికి చెప్పలేదు.

మర్నాడు తనూ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. కారు ఊయలలా ఒరిగి లేస్తోంది. నర్సింగరావు కూనిరాగం తీస్తున్నాడు.

"కొంగలు లేస్తున్నయి," అంటోంది రుక్మిణమ్మ. "దున్నిన మడిలకెల్లి అన్నీ ఒక్కసారే, తెల్లగ. కాలువ నీళ్లల్ల పొద్దు ఎర్రగ పడ్డది."

భానుప్రకాష్ ముందుకు వంగాడు.

"ఆ దారిల నేను ఎన్నిసార్లు పోలేదు? ఈ కొంగలను ఎన్నడు చూడలేదమ్మా," అన్నాడు మెల్లగా.

"పెండ్లయిన కాడికెల్లి మీ నాయిన బండి నడుపుకుంట అన్నీ నాకు చెప్పేటోడు," అంది ఆమె.

రుక్మిణమ్మకు పుట్టుకతోనే చూపు లేదు.