ఏడో తూటా

ఆరో తూటా పేల్చాక, ఖాళీ తొడుగుని బయటికి లాగే రైఫిల్ బోల్టు పిడి పైకి లేవలేదు.

వెండెల్ అరచేత్తో గట్టిగా రెండుసార్లు కొడితే గానీ ఖాళీ తొడుగు ఊడి కింద పడలేదు. ఎవరైనా చూశారేమోనని పక్కలకి చూశాడు.

ఆర్విడ్ చూశాడు.

ఆ షూటింగ్ రేంజ్‌కి తుపాకీ లేకుండా వచ్చే మనిషి ఆ ముసలాయన ఒక్కడే. జనం కాల్చి వదిలేసిన ఇత్తడి తొడుగులు ఏరుకుని, భూతద్దం పెట్టి వాటి అడుగు భాగం చూస్తూ కూర్చుంటాడు. ఆ ఇత్తడి అమ్ముకుని బతుకుతాడని అందరూ అనుకునేవారు.

ఇప్పుడు వెండెల్ కాళ్ల దగ్గర పడ్డ తొడుగు కూడా తీసి చూశాడు. దాని అడుగు ఒత్తిడికి నలిగి చదునైపోయి ఉంది.

"తూటాలు నువ్వే నింపుకున్నావా, బాబూ?"

"అవును. ఏం?"

"ఎన్నాళ్లయింది నేర్చుకుని?"

"మూడు వారాలు."

"మందు నింపేటప్పుడు మధ్యలో లేచావా?"

వెండెల్‌కి ఒళ్లు మండింది. లేవలేదన్నాడు. అది అబద్ధం.

పోయిన శరత్కాలంలో అతను కొట్టిన గుండు ఒక ఎల్క్ దుప్పి పొట్టలో దిగింది. రెండు రోజులు మోంటానా కొండల్లో నెత్తురు చుక్కల వెంట తిరిగినా అది దొరకలేదు. ఎక్కడో పొదల్లో కుళ్లి చచ్చి ఉంటుందని తలుచుకున్నప్పుడల్లా అతనికి అన్నం సయించేది కాదు. కొట్లో కొన్న తూటాలు అరచెయ్యంత వెడల్పున చెదిరేవి. అందుకే సొంతంగా నింపడం నేర్చుకున్నాడు.

ఇవాళ మొదటి ఐదు గుండ్లూ పావు డాలరు బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. శనివారం నుంచే వేట. ఇలాంటప్పుడు ఎవరు ఆగుతారు?

ఆర్విడ్ మాత్రం ఆగమనే అన్నాడు. ఏడోది కాల్చొద్దన్నాడు. మిగిలినవన్నీ ఇంటికి తీసుకెళ్లి, గుండ్లు పీకి, లోపలి మందు చూసుకోమన్నాడు.

"ఇత్తడి ఏరుకునేవాళ్లు కూడా పాఠాలు మొదలెడితే ఎలా, పెద్దాయనా?" అన్నాడు వెండెల్.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

అంతలో రేంజ్ చూసుకునే టిల్డా ఎర్రజెండా ఎగరేసింది.

జెండా ఎగిరితే అందరూ తుపాకులు తెరిచి బల్లల మీద పెట్టేసి, గురికాగితాలు చూసుకోవడానికి ముందుకు నడుస్తారు. వాళ్లు తిరిగొచ్చి జెండా దిగేదాకా బల్ల మీద గుండుసూదిని కూడా ఎవరూ ముట్టుకోకూడదు. ఎదురుగా మనుషులుంటారు మరి. ఆ నియమం తప్పినవాణ్ణి ఆ ఊళ్లో ఎవరూ క్షమించరు.

వెండెల్ వంద గజాలు నడిచి తన కాగితం ముందు నిలబడి, వెనక్కి తిరిగి చూశాడు.

ఆర్విడ్ అతని బల్ల మీదికి వంగి ఉన్నాడు.

రైఫిల్ మొన సూటిగా తన వైపే ఉంది.

నలుగురిలో నవ్వులపాలు చేసినందుకు ముసలాడు పగబట్టాడా? పక్కకి దూకాలని తెలుస్తోంది, ఒళ్లు వినడం లేదు. అంత భయం అతను పుట్టి బుద్ధెరిగాక ఎరగడు.

ఆర్విడ్ రైఫిల్ జోలికి పోలేదు. తూటాల పెట్టె తీసుకుని, కుంటుతూ తన ట్రక్కు దగ్గరికి పరిగెత్తి, ఎక్కి వెళ్లిపోయాడు.

వెండెల్ ఆ సాయంత్రమే రేంజ్ కమిటీకి ఫిర్యాదు రాసిచ్చాడు.

"వదిలెయ్, వెండెల్. ఆయన నువ్వనుకునే మనిషి కాదు" అంది టిల్డా.

"మరెవరు?"

"ఎవరికీ చెప్పొద్దన్నాడు."

వెండెల్ వినలేదు. కమిటీ ఆర్విడ్‌ని పిలిచి అడిగింది. జెండా ఎగిరాక బల్ల ముట్టుకున్న మాట నిజమేనని ఒప్పుకుని, ఇంకొక్క ముక్క మాట్లాడలేదట. ఇక ఎప్పటికీ గేటు లోపలికి రాకూడదని తేల్చారు.

శుక్రవారం మధ్యాహ్నం వేట కోటు సర్దుకుంటుంటే జేబులో రెండు తూటాలు దొరికాయి. పెట్టెలో పట్టక మిగిలిన ఆఖరి రెండూ అవే. ఎంత పొమ్మన్నా ఆ లేవని బోల్టు గుర్తొచ్చింది. ఒకదాని గుండు పీకి, మందుని తెల్లకాగితం మీద ఒంపాడు.

రైఫిల్ మందు సన్నపుల్లల్లా ఉండాలి.

కాగితం మీద ఒక్క పుల్ల కూడా లేదు. అన్నీ నల్లటి చిన్న రేకులు. అది అతని భార్య రివాల్వర్‌లో వాడే మందు, గుప్పున మండేది. దాని డబ్బా కూడా ఆ రోజు అదే బల్ల మీద ఉంది. మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్లి, తిరిగొచ్చి, ఖాళీ అవుతున్న గరాటులో ఆ డబ్బాలోంచి పోశాడు. ముందు నింపిన ఐదింటిలో సరైన మందే పడింది, ఆ తర్వాతి వాటిలోకి ఇది చేరింది.

రైఫిల్ తూటాలో ఆ మందు అంత ఉంటే ఇనుము కూడా చీలుతుంది. చీలేది సరిగ్గా చెంప ఆనించే చోటే.

ఎన్నో తూటాకి చచ్చి ఉండేవాడో అతనికి తెలీదు. ఏడోదే కావచ్చు.

శనివారం ఊరంతా వేటకి పోతే, అతను ఆర్విడ్ ఇంటికి వెళ్లాడు. తలుపుకి తాళం. కిటికీలకి తెరలు కూడా లేవు. అక్కణ్ణుంచి టిల్డా దగ్గరికి పోయాడు. బుధవారమే వెళ్లిపోయాడనీ, ఎక్కడికో తనకీ చెప్పలేదనీ అందామె.

"ఆ రోజే నాకు చెప్పి ఉండాల్సింది, టిల్డా."

"ఇరవై ఏళ్ల కిందట నీ బల్ల దగ్గరే ఆయన కొడుకు చేతిలో రైఫిల్ పగిలింది. పిల్లాడు ఆసుపత్రి దాకా కూడా బతకలేదు" అంది.

"తూటాలు నింపడం కొత్తగా నేర్చుకుంటున్నాడా?"

"పిల్లాడు కాదు, వెండెల్. కొడుక్కి ఆ తూటాలు నింపి ఇచ్చింది ఆర్విడే."