బయటి రక్తం

కత్‌బర్ట్ ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇంటికి రాడు. పెళ్లాం సమాధి దగ్గర చాలాసేపు నిలబడతాడు. గిల్బర్ట్‌కు ఆ సమయం చాలు. ఎదకు వచ్చిన తన ఆడకుక్క నెటిల్‌ను కోటు కింద దాచి తెచ్చి, కత్‌బర్ట్ పెరట్లోకి వదిలాడు. కత్‌బర్ట్ మగ టెర్రియర్ టిప్ అక్కడే కట్టేసి ఉంది.

కుక్కను ఎత్తుకుపోవడం మూర్ఖుల పని. గిల్బర్ట్‌కు కావలసింది దాని రక్తం.

నక్కల వేట జరిపించే దొర, తన వేటకుక్కల్ని పెంచే గిల్బర్ట్‌కు అప్పటికే తెగేసి చెప్పాడు. "ఈ టెర్రియర్ జాతిని తయారుచేసింది మీ తాతే, కాదనను. ఇప్పుడవి నక్క గుర్రుమంటే చాలు, బొరియలోంచి పరుగెత్తుకొస్తున్నాయి. బయటి రక్తం కలుపు. లేదంటే నేనిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యి. కుక్కల పని ఇంకొకడు చూసుకుంటాడు."

కోకెట్ లోయలో కుక్కలన్నీ ఆ జాతివే. బయటి రక్తమంటే టిప్ ఒక్కటే. నక్క మూతి చీల్చినా వెనక్కి రాని కుక్క. స్కాట్లండ్ వైపు నుంచి తెచ్చి ఉంటాడని అందరి ఊహ. ఎక్కడిదో కత్‌బర్ట్ ఎవరికీ చెప్పలేదు. నెటిల్‌ను టిప్‌తో జతకట్టించమని గిల్బర్ట్ మొదట మర్యాదగానే అడిగాడు.

"నీకా?" అని కత్‌బర్ట్ ఉమ్మేశాడు. "నీకిచ్చేకంటే నక్కలకిస్తాను."

నెటిల్ ఈనింది. పిల్లలన్నీ టిప్ పోలికే. అదే నీటిపిల్లి తల, అదే ముతక బొచ్చు. దొర స్వయంగా వచ్చి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోతున్నాడు. అప్పుడే వాకిట్లోకి కత్‌బర్ట్ వచ్చాడు.

గిల్బర్ట్ దాచే ప్రయత్నం కూడా చేయలేదు. ఇల్లు నిలబడింది, ఇక భయమెందుకు?

"ఇల్లొదిలి సమాధుల చుట్టూ తిరిగితే ఇంతే మరి, కత్‌బర్ట్. నీ కుక్కే నయం, కొత్త పెళ్లాన్ని చూసుకుంది."

దొర పకపకా నవ్వాడు. కత్‌బర్ట్ ఒక పిల్లను తిప్పి చూసి కింద పెట్టాడు.

"దొరగారు బయటి రక్తం అడిగారట కదా?"

"తెచ్చాను కదా. ఏడుపా?"

"నాకెందుకు ఏడుపు? నాలుగేళ్ల కిందట నెటిల్ ఈనిన పిల్లల్లో బక్క కూన ఒకటుంటే, పనికిరాదని సంచిలో కట్టి ఏట్లోకి విసిరావు. దిగువన నేనూ మా ఆవిడా గొర్రెలు కడుగుతున్నాం. సంచి విప్పింది ఆవిడే. దానికి టిప్ అని పేరు పెట్టిందీ ఆవిడే."