కాసేపు కారే నీళ్లు

చీకటి పడుతుండగా తమ్ముడు వచ్చి షవర్ విప్పి చూశాడు. అది ఎందుకు కారుతోందో తెలియక అక్కకు వారంగా నిద్ర లేదు.

"వాషర్ నిక్షేపంగా ఉందక్కా," అన్నాడు మళ్ళీ బిగిస్తూ. "స్నానం చేసి కట్టేశాక, పైన మిగిలిన నీళ్లు కాసేపు చుక్కలుగా పడతాయి. దానికే ఇంత హైరానా?"

"ఓస్, అంతేనా!" అంది అక్క. తమ్ముడు నేల పొడిగా తుడిచి వెళ్ళిపోయాడు. ఆమె తలుపు గడియ పెట్టుకుంది.

గిన్నెలు తోముతుంటే ఉన్నట్టుండి చేయి ఆగిపోయింది. ఇంట్లో ఉండేది తనొక్కతే. తను బకెట్లో నీళ్లు పట్టుకుని చెంబుతోనే పోసుకుంటుంది. ఆ షవర్ ఒక్కసారీ తిప్పలేదు.

వంటింటి కుళాయి కట్టేసింది. బాత్రూమ్‌లో టప్‌మని చుక్క పడింది.

వెళ్ళి లైటు వేసింది. నేలంతా తడి. సబ్బు మీద నురగ ఇంకా ఆరలేదు.